షేల్ బావి నీరు మళ్లీ వాడుతుంటే వచ్చే చిక్కులు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో, మార్సెలస్ షేల్ అనే పలకరాతి పొర నుంచి గ్యాస్ తీసే బావుల్లో పైకొచ్చే నీటిలో లీటరుకు వంద గ్రాములకు మించి ఉప్పు ఉండటం మామూలే. సముద్రపు నీటిలో ఉండేది 35 గ్రాములు. దాన్ని లోతైన బావుల్లోకి ఎక్కించి వదిలించుకుందామంటే అక్కడ అలాంటివి కొద్దే, పక్కనున్న ఒహాయోకు లారీల్లో తోలాలి. 2011 డిసెంబరు 31న ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో సుమారు 4 తీవ్రతతో భూమి కంపించింది, అలాంటి బావి వల్లనే. అందుకే ఆ నీటిని తర్వాతి బావి ఫ్రాకింగ్‌కు, అంటే నీటిని ఒత్తిడితో ఎక్కించి రాతిని పగలగొట్టడానికి, వాడుకుంటారు.

పంపు పీడనం పెరుగుతోంది
నీటిలోని కాల్షియం, ఉప్పు కలిసి గొట్టాల్లో రాపిడి తగ్గించడానికి కలిపే పాలిమర్‌ను పనిచేయనివ్వవు. ఉప్పును తట్టుకునే రకం పాలిమర్‌కు మారండి, లేదా మంచినీరు కలపండి. ఉప్పంతా తీసేయాలని కూర్చోకండి, అది దండగ ఖర్చు.

ట్యాంకు దగ్గర మురిగిన కోడిగుడ్ల వాసన
గాలి తగలని నీటిలో సల్ఫేటును తినే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతోంది. ముందు మనుషులను దూరం పంపండి. వాసన ఆగిందని ధైర్యపడవద్దు: ఈ వాయువు ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతుంది, మీటరునే నమ్మాలి. తర్వాత క్రిమినాశిని వేయండి, నీటిని నెలల తరబడి నిల్వ ఉంచకండి. గాలి ఊదినా పనవుతుంది కానీ, నీటిలో కరిగున్న ఇనుము తుప్పు రంగుకు తిరుగుతుంది. దాన్ని అడుగుకు దిగనిచ్చి తేట నీరే తీసుకోవాలి.

గొట్టాల్లో తెల్లని గార
బొగ్గు గనుల నీరు ఊరికే దొరుకుతోందని కలిపారా? దానిలో సల్ఫేటు, బావి నీటిలో బేరియం అనే లోహం. రెండూ కలిస్తే బేరియం సల్ఫేటే. బోరు నీటికి గీజరులో పట్టే గార ఆమ్లానికి కరుగుతుంది. ఇది కరగదు, గీకాలి, లేదా ఖరీదైన ప్రత్యేక ద్రావకాలు పోయాలి. అందుకే ట్యాంకులో కలపడానికి ముందు గాజు సీసాలో, అదే పాళ్లలో రెండు నీళ్లూ కలిపి చూడండి. పాలు ఒలికినట్టు తెల్లబడితే ఆ జోడీ వద్దు. తప్పనిసరైతే శుద్ధి ట్యాంకులోనే సోడియం సల్ఫేటు వేసి బేరియంను ముందే మడ్డిగా దింపేయండి.

చెత్త డంపు గేటు దగ్గర అలారం
ఇది పై మందు తెచ్చిన రోగం. బేరియం సల్ఫేటుతో పాటు రేడియం కూడా మడ్డిలోకి దిగుతుంది, దాని రేడియోధార్మికతకే అలారం మోగింది. లారీకి ఎత్తకముందే మడ్డిని కొలిపించి, అంత మోతాదుకు అనుమతి ఉన్న చోటికే పంపండి. తర్వాతి బావికి ఎంత బేరియం తగ్గితే చాలో అంతే తీయండి, మడ్డీ తగ్గుతుంది.