కదలని వేషం – నాలుగో పాఠం: మోకాళ్లు

విగ్రహంలా కదలకుండా నిలబడే వేషానికి ఒంటికి రంగు పూసుకోవడం గురించి ఈ వారం రాయాల్సింది. రాయడం లేదు. గత పాఠంలో ఇరవై నిమిషాలు నిలబడమన్నాను. చేసినవారిలో చాలామంది కళ్లు తిరిగాయని రాశారు. పాలకొల్లు కుర్రవాడొకడు అరుగు మీది నుంచి పడి మోచెయ్యి గీరుకున్నాడు. ఈ సంగతి తేలేవరకు ఎవరూ రంగు డబ్బా మూత తీయకండి.

ఎండ వల్ల అన్నారు కొందరు, దిష్టి అన్నారు ఇంకొందరు. ఎండ కొంత కారణమే, కానీ అసలు కారణం మోకాళ్లు. ‘కదలకూడదు’ అనగానే మనవాళ్లు మొదట చేసేది మోకాళ్లను వెనక్కి నెట్టి బిగించడం. నన్ను ఇంతగా విసిగించే అలవాటు ఈ విద్యలో మరొకటి లేదు. గుండె పంపిన రక్తం పాదాల దాకా దిగుతుంది. దాన్ని పైకి తేవడానికి పిక్కలు సాయపడాలి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా సిరలను నొక్కి రక్తాన్ని పైకి తోస్తుంది, లోపలి కవాటాలు దాన్ని వెనక్కి జారనివ్వవు. పిక్క బిగిసి వదులుతూ ఉంటేనే ఇది సాగుతుంది; మోకాళ్లు బిగించి కదలకుండా ఉంటే ఆ పని ఆగిపోతుంది. రక్తం కాళ్లలోనే నిలుస్తుంది, మెదడుకు చాలదు, మనిషి పడిపోతాడు. కవాతులో గంటల తరబడి నిలబడే సైనికులు కూడా ఇలాగే కూలిపోతుంటారు.

మీవి బిగిశాయో లేదో తెలుసుకోవాలంటే, వెనుక నుంచి మోకాలి మడతలో మెల్లగా తట్టమని ఎవరికైనా చెప్పండి. బిగిసిన కాలు టక్కున మడుచుకుపోతుంది. వదులుగా ఉన్నది కొద్దిగా ఊగి నిలుస్తుంది. ఆ వదులు బయటికి కనిపించనంత తక్కువ చాలు.

ఇక నిలబడినంతసేపూ కాలివేళ్లు పనిచేస్తూ ఉండాలి. కుడి పాదం వేళ్లతో నేలను నొక్కి వదలండి, తర్వాత ఎడమ. నొక్కినప్పుడు పిక్క బిగుస్తుంది, మనకు కావలసింది అదే. మధ్యమధ్య బరువును ఒక కాలి మీద నుంచి రెండో కాలి మీదికి మార్చండి. మార్పు పూర్తవడానికి అయిదారు ఊపిరులు పట్టాలి. అంత నెమ్మదైన కదలికను చూసేవారి కన్ను పట్టుకోలేదు.

వేషం ఎంచుకునేటప్పుడు కూడా ఇదే లెక్క. గాంధీ వేషానికి చేతికర్ర ఉంది, మూడో కాలు దొరికినట్టే. కానీ పిక్కలు బయటికే ఉంటాయి కాబట్టి వేళ్ల పని చాలా తేలికగా సాగాలి. తెలుగుతల్లి వేషంలో చీర కుచ్చిళ్ల కింద మీరు ఏం చేసినా తెలియదు, కొత్తవారికి నేను మొదట చెప్పేది అదే. కలశం మాత్రం ఇత్తడిది వద్దు, కాగితపు గుజ్జుతో చేయించుకోండి. అంబేడ్కర్ వేషం చాలా కష్టం. చెయ్యి చాచి వేలు చూపిస్తూ నిలబడాలి, భుజం పది నిమిషాల్లోనే వణకడం మొదలెడుతుంది. మన ఊళ్లలో ఆ విగ్రహం రోజూ చూసేవారే ఎక్కువ, వణికితే వెంటనే పట్టేస్తారు. కాటన్ దొర వేషం అడిగినవారు గుర్రం ఎక్కడి నుంచి తెస్తారో ముందు చెప్పండి.

గాల్లో కూర్చున్నట్టు కనిపించే వేషం నేర్పమని కూడా అడిగారు. బార్సిలోనా వీధుల్లోనైనా లండన్ వీధుల్లోనైనా అది బట్టల కింద దాచిన ఇనుప చట్రం, పీట. వెల్డింగు తెలిసినవారు చేసి పెడతారు, ఈ పాఠాలతో దానికి పని లేదు.

ఆవలింతలు, చల్లటి చెమట, చెవుల్లో హోరు, చూపు మసకబారడం – వీటిలో ఏ ఒక్కటి వచ్చినా వేషం వదిలేసి కూర్చోండి. వీలైతే పడుకుని కాళ్లు ఎత్తు మీద పెట్టండి. జనం ఏమనుకుంటారోనని ఆగకండి. మన గోదావరి డెల్టా గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, అందుకే ఒంటి వేడి తగ్గదు. ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగు దాటాక మాత్రమే నిలబడండి. ముందు ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. అంతర్వేది తీర్థంలో (జాతరలో) నిలబడాలనుకునేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను: రథోత్సవం భీష్మ ఏకాదశి నాడు. ఉపవాసం ఉంటే వేషం మానండి, వేషం కడితే ఉపవాసం మానండి.

కళ్లు, ఊపిరి సంగతి మీకు తెలిసిందే. చూపు కాస్త కిందికి, ఊపిరి పొట్టలోకి.

రంగు గురించి ఇప్పటికి ఒక్క మాట. తలుపులకు వేసే ఎనామిల్ వెండి రంగు ఒంటికి పూయకూడదు, దాన్ని కిరోసిన్‌తో కడగనూ కూడదు. ఇప్పటికే కొన్నవారు గేటుకు వేసుకోండి.

అభ్యాసం: రంగు లేకుండా, మామూలు బట్టలతో సఖినేటిపల్లి రేవుకు వెళ్లండి. దారికి అడ్డం కాకుండా, నీటికి దూరంగా, అరచేతిలో అంచు దాకా నీళ్లున్న చెంబుతో నిలబడండి. తోడుగా ఒకరు ఉండాలి. నరసాపురం నుంచి పంటు (బండ్లనూ జనాన్నీ గోదావరి దాటించే పడవ) వచ్చి, బండ్లూ జనమూ దిగి, మళ్లీ ఎక్కించుకుని వెళ్లేదాకా కదలకండి. తెలిసినవారు పలకరిస్తారు, పలకకండి. నీళ్లు ఒలికితే తర్వాతి పంటుకు మళ్లీ మొదలు. వరుసగా రెండు పంటులు ఒలకకుండా దాటినవారు ఐదో పాఠానికి రండి.