రోమన్ చక్రవర్తుల వారసత్వాన్ని చదివే పద్ధతి

రోమన్ చక్రవర్తుల పేర్లను వరుసగా కంఠస్థం చేస్తే ఎవరి తర్వాత ఎవరు వచ్చారో తెలుస్తుంది గాని, ఎందుకు వచ్చారో తెలియదు. పెద్ద కొడుకే గద్దెనెక్కాలనే చట్టం రోములో ఏనాడూ లేదు. క్రీ.పూ. 27లో మొదటి చక్రవర్తి అగస్టస్ గణతంత్రాన్ని తిరిగి నిలబెట్టానని చెప్పుకుంటూనే అసలు అధికారాన్ని తన చేతిలో ఉంచుకున్నాడు. రాజే లేడని చెప్పే చోట యువరాజును ప్రకటించడం కుదరదు. అందువల్ల అధికారం చేతులు మారిన ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేసుకోవాలి: పాత చక్రవర్తి ఎవరిని చూపించాడు, సైన్యం ఎవరిని ఒప్పుకుంది, సెనేట్ అనే పెద్దల సభ ఎప్పుడు ఆమోదించింది?

మొదటి ప్రశ్నకు సమాధానం దత్తతలో వెతకండి. కొడుకులు లేని అగస్టస్ ముందుగా మేనల్లుడూ అల్లుడూ అయిన మార్సెల్లస్‌ను, తర్వాత కూతురి కొడుకులైన గయస్, లూసియస్‌లను పైకి తెచ్చాడు. వాళ్లు ఒక్కొక్కరుగా చనిపోయాక, క్రీ.శ. 4లో భార్య లివియా మొదటి పెళ్లి కొడుకైన టిబేరియస్‌ను దత్తత తీసుకున్నాడు. టిబేరియస్ వెండి నాణెం దొరికితే దాని అంచున ఉన్న అక్షరాలను నిదానంగా చదవండి: ‘టి సీజర్ డివి ఆగ్ ఎఫ్ అగస్టస్’, అంటే దైవమైన అగస్టస్ కుమారుడు టిబేరియస్ సీజర్ అగస్టస్. అతని హక్కంతా ఆ ‘ఎఫ్’ (ఫిలియస్, అంటే కుమారుడు) అనే ఒక్క అక్షరంలో ఉంది.

అయితే దత్తత ఒక్కటే చాలదు. క్రీ.శ. 69 జనవరి 10న గాల్బా చక్రవర్తి పీసో అనే యువకుణ్ని దత్తత తీసుకున్నాడు గాని, చక్రవర్తి అంగరక్షకులైన ప్రిటోరియన్ దళానికి కానుక ఇవ్వలేదు. ఐదు రోజులకే ఇద్దరూ హతులయ్యారు. అంతకుముందు క్రీ.శ. 41లో కాలిగులా హత్య జరిగినప్పుడు, గణతంత్రాన్ని మళ్లీ తేవాలా అని సెనేట్ చర్చిస్తుండగానే ఆ దళం క్లాడియస్‌ను తమ శిబిరానికి తీసుకుపోయింది. అతడు ఒక్కొక్క సైనికుడికి 15,000 సెస్టర్సుల చొప్పున ఇస్తానన్నాడని చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. సైన్యం, సెనేట్‌లలో ఎవరి మాట ముందు చెల్లిందో తేల్చుకోవడానికి తేదీలను పక్కపక్కన రాసుకోవడం అన్నిటికన్నా మంచి మార్గం. సేనాని వెస్పేసియన్‌ను 69 జూలై 1న అలెగ్జాండ్రియాలోని సేనలు చక్రవర్తిగా ప్రకటించాయి, సెనేట్ అంగీకరించింది డిసెంబరులో. అతడు మాత్రం తన పాలనను జూలై 1 నుంచే లెక్కించుకున్నాడు.

నెర్వా నుంచి మార్కస్ ఆరీలియస్ వరకు సాగిన దత్తతల కాలం దగ్గర చాలామంది తొందరపడి, రోమన్లు సమర్థుణ్ని ఎంచుకునే పద్ధతిని కనిపెట్టారని నిర్ణయించేస్తారు. నా అభిప్రాయంలో అది సరికాదు. నెర్వా, ట్రేజన్, హేడ్రియన్‌లకు కొడుకులు లేరు, ఆంటోనైనస్ కొడుకులు ముందే చనిపోయారు. కొడుకు బతికి ఉన్న మార్కస్ 180లో కొమ్మోడస్‌కే అధికారం వదిలాడు. రక్తసంబంధం విలువ తగ్గలేదనడానికి సెప్టిమియస్ సెవెరస్ సాక్ష్యం: సైన్యబలంతో గెలిచిన ఈయన 195లో, మార్కస్ చనిపోయిన పదిహేనేళ్లకు, తాను మార్కస్ కుమారుణ్నని ప్రకటించుకున్నాడు.

రాతిలో చెక్కినదాన్ని కూడా అలాగే అనుమానంగా చదవాలి. రోమన్ ఫోరంలో 203లో వెలిసిన సెవెరస్ విజయతోరణం మీది శాసనంలో నాలుగో వరుస చూడండి. 211లో సెవెరస్ పెద్ద కొడుకు కారకల్లా తన తమ్ముడు గేటాను చంపించాక, అక్కడున్న గేటా పేరును తొలగించి తండ్రినీ తననూ పొగిడే మాటలు పెట్టించాడు. పాత కంచు అక్షరాలను బిగించిన రంధ్రాలు నేటికీ కనిపిస్తాయి కాబట్టి తుడిచేసిన వారసుణ్ని ఇప్పటికీ చదవవచ్చు.

235 నుంచి 284 వరకు గడిచిన కల్లోల కాలంలో పేర్ల వెంట పడకుండా, ఏ సరిహద్దు సేన ఎవరిని నిలబెట్టిందో మాత్రం గుర్తించండి. ఆ అనుభవంతోనే డయోక్లీషియన్ 293లో ఇద్దరు అగస్టస్‌లు (పెద్ద చక్రవర్తులు), ఇద్దరు సీజర్లు (వారి తర్వాత పైకి రావలసిన చిన్న చక్రవర్తులు) అనే ఏర్పాటు చేసి, 305లో తానే గద్దె దిగాడు. మరుసటి ఏడు బ్రిటన్‌లోని యార్క్‌లో అగస్టస్‌లలో ఒకడైన కాన్‌స్టాంటియస్ చనిపోగానే, ఆ ఏర్పాటు ప్రకారం పైకి రావలసిన సీజర్ వేరే ఉన్నా, అక్కడి సైనికులు ఆయన కొడుకు కాన్‌స్టాంటైన్‌నే అగస్టస్‌గా ప్రకటించారు.