ఐసీడీ ఉత్తగనే షాక్ కొడుతుందా? ఇంపిడెన్స్ నార్మల్ ఉందని లీడ్‌ను వదిలిపెట్టకుండ్రి

ఐసీడీ అంటే గుండె లయ ప్రమాదంగ తప్పితే షాక్ కొట్టి సరిచేసే డబ్బా, ఒంట్ల పెడతరు. లీడ్ అంటే దాన్నుంచి గుండెకు పోయే వైరు, ఇంపిడెన్స్ అంటే ఆ వైరుల కరెంటుకు పడే అడ్డు, ఓమ్స్‌ల కొలుస్తరు. పేషెంట్ కుసోని టీ తాగుతుంటే షాక్ కొట్టింది, దడ లేదు, కండ్లు తిరగలేదు. ఇసొంటి కేసు హన్మకొండకు రాంగనే మనోళ్లు ముందు మందు డోసు పెంచుతరు. అరె, ఆ షాక్ టైముల ఈజీఎం (డబ్బా రాసిపెట్టుకున్న గుండె కరెంటు గీతలు) తీసి చూడుండ్రి ముందు! షాకులు ఆగకపోతే డబ్బా మీద మాగ్నెట్ పెట్టి షాకులు ఆపి, మానిటర్ తగిలించి, బయటి డీఫిబ్ (షాక్ ఇచ్చే మెషిన్) పక్కన పెట్టుకొని చూడుండ్రి.

నిజంగ వీటీ (గుండె కింది గదుల ప్రమాదపు దడ) ఉంటే షాక్ కరెక్టే, లీడ్ లొల్లి కాదు. ఫార్-ఫీల్డ్‌ల (దూరం నుంచి గుండె మొత్తాన్ని చూసే గీత) మామూలు రిథమ్ నడుస్తుంటే నియర్-ఫీల్డ్‌ల (లీడ్ కొసకాడి గీత) పిచ్చి గీతలు, 120-140 మిల్లీసెకండ్ల ఇంటర్వెల్స్ ఉన్నయా, అది గుండె కాదు, లీడ్ నాయిస్. అన్ని ఛానెళ్లల ఒక్కతీరుగ 50 హెర్ట్జ్ గీతలుంటే కరెంట్ లీకేజీ, అప్పుడు ఏం పట్టుకున్నవ్ బాపూ అని అడిగితే ఎర్తింగ్ లేని మోటరు స్టార్టరో గీజరో బయటపడ్తది.

ఇంపిడెన్స్ ఒక్కసారే పెరిగితే లోపలి వైరు తెగింది, లేకుంటే హెడర్ (లీడ్‌ను డబ్బాకు బిగించే కాడ) స్క్రూ లూజు. 200 ఓమ్స్ కిందికి పడితే ఇన్సులేషన్ (వైరు మీది తొడుగు) పోయింది. ఇది అందరికి తెల్సిందే.

మోసం చేసేది నార్మల్ నంబరు. 520 ఓమ్స్ ఉన్న లీడ్ ఇప్పుడు 310 చూపిస్తది, రెండూ రేంజ్‌లనే ఉన్నయని సంతకం పెట్టి పంపిస్తరు, ట్రెండ్ గ్రాఫ్ ఎవ్వరు తెరవరు. దానికంటే దొంగది పాకెట్‌ల (చర్మం కింద డబ్బా పెట్టే సంచి) రాపిడి. మిగిలిన లీడ్‌ను చుట్టచుట్టి పెడతం గదా, అది ఏండ్లకేండ్లు డబ్బాకు రాసుకొని పైన తొడుగు సిలికాన్ అరుగుతది. రోజువారీ టెస్టు కొద్ది వోల్టులతోటే గాబట్టి పాస్ అయితది, అసలు షాక్ 700-800 వోల్టులు పోంగనే అరిగిన కాడ డబ్బాకు షార్ట్ అయి గుండెకు చేరనే చేరదు. అంటే అవసరం లేనప్పుడు కొడ్తది, అవసరం పడ్డప్పుడు కొట్టదు. అందుకే లైవ్ ఈజీఎం పెట్టి, డిటెక్షన్ (డబ్బా దడను పసిగట్టి షాక్ కొట్టుడు) ఆఫ్ చేసి, పాకెట్ మీద ఒత్తుండ్రి, చెయ్యి పైకి ఎత్తిచ్చి వెనకకు తిప్పియ్యుండ్రి. బ్యాటరీ మార్చేటప్పుడైతే రక్తం తుడిచి ఒక్కో చుట్టను లైటు కింద తిప్పి చూడాలె, మెరుపు పోయి గీత పడ్డ జాగ కండ్లకే కనపడ్తది, రెండు నిమిషాల పని.

రియాటా అనే పాత మోడల్ లీడ్లు ఇంకో తీరు. కేబుల్ లోపల్నుంచి సిలికాన్‌ను కోసుకొని బయటికొస్తది, 2011ల ఎఫ్‌డీఏ (అమెరికా మందుల, పరికరాల సంస్థ) క్లాస్ వన్ రీకాల్, అంటే అన్నిటికంటే సీరియస్ రీకాల్, దీనికే. కేబుల్ మీద ఇంకో సన్న కోటింగ్ ఉంటది, గందుకే బయటికొచ్చినా నంబర్లు మంచిగనే ఉండొచ్చు. ఫ్లోరోల (లైవ్ ఎక్స్‌రే) రెండు మూడు దిక్కుల తిప్పి చూడాలె.

కాలర్ ఎముక కింద నలిగినయి, సర్జరీల బ్లేడు తగిలినయి ఉంటయి గని తక్కువ.

ఇన్సులేషన్ పోయిన షాక్ లీడ్‌కు గ్లూ పూసుడు, సెన్సిటివిటీ తగ్గిచ్చి ఇంటికి పంపుడు వద్దు. కొత్త లీడ్ వెయ్యాలె, పాతదాన్ని మూతపెట్టి లోపలే వదులుడా (క్యాప్) తీసుడా అనేది లీడ్లు బయటికి తీసుడు (ఎక్స్‌ట్రాక్షన్) తెల్సిన డాక్టర్ చెప్పాలె. డిటెక్షన్ ఆఫ్ ఉన్నన్ని రోజులు పేషెంట్ మానిటర్ మీదనే ఉండాలె. షాక్ షార్ట్ అయిన కేసుల డబ్బా లోపలి సర్క్యూట్ కూడా కాలి ఉండొచ్చు, కొత్త లీడ్‌ను పాత డబ్బాకే తగిలియ్యకుండ్రి.