అమెరికా కాలేజీలో మొదటి ఏడాది: ముందు గది, ఆ తర్వాతే మీల్ ప్లాన్

అమెరికాలో చాలా కాలేజీలు డిపాజిట్ కట్టి సీటు ఖాయం చేసుకోవడానికి మే 1 వరకు గడువిస్తాయి. ఆ డిపాజిట్ కట్టేయగానే డార్మ్‌లో (కాలేజీ హాస్టల్‌లో) గది కూడా దొరికేసినట్టే అనుకుంటారు చాలామంది. దొరకదు. హౌసింగ్ దరఖాస్తు వేరు, దాని ఫీజు వేరు, గడువూ వేరే. కొన్ని కాలేజీలు దరఖాస్తు అందిన తేదీని బట్టి గదులిస్తాయి, కొన్ని లాటరీ తీస్తాయి. తేదీని బట్టి ఇచ్చేచోట సీటు ఖాయం చేసుకున్న రోజే హౌసింగ్ దరఖాస్తు కూడా పెట్టేయండి. లాటరీ అయితే గడువు దాటకుండా చూసుకుంటే చాలు. మీ కాలేజీది ఏ పద్ధతో హౌసింగ్ ఆఫీసుకు మెయిల్ పెట్టి కనుక్కోండి.

గది సంగతి తేలకముందే మీల్ ప్లాన్, అంటే క్యాంపస్ భోజనానికి ముందే డబ్బు కట్టే పథకం, జోలికి వెళ్లొద్దు. ఏ ప్లాన్లు తీసుకోవచ్చన్నది చాలాచోట్ల గదిని బట్టే ఉంటుంది. వంటగది లేని డార్మ్‌లో ఉంటే ఫలానా స్థాయికి తగ్గని ప్లాన్ తప్పనిసరి అంటారు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తరహా గదైతే చిన్న ప్లాన్‌తో సరిపెట్టుకోవచ్చు, కొన్నిచోట్ల అసలు తీసుకోకపోయినా ఫరవాలేదు. మొదటి ఏడాది క్యాంపస్‌లోనే ఉండి తీరాలనే నిబంధన కూడా చాలా కాలేజీల్లో ఉంది. దగ్గర్లో తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ వచ్చేవాళ్లకు, పెళ్లయినవాళ్లకు, 21 ఏళ్లు దాటినవాళ్లకు సాధారణంగా మినహాయింపు ఇస్తారు, కానీ అది అడిగి రాయించుకోవాలి. అడగకపోతే బిల్లు వచ్చేస్తుంది.

ఏ గది అడగాలి

సంప్రదాయ డబుల్ అంటే పొడుగాటి కారిడార్‌కు రెండు పక్కలా ఇద్దరేసి ఉండే గదులు, అంతస్తు మొత్తానికి ఉమ్మడి బాత్రూములు. సూట్ అంటే రెండు గదులకు మధ్యలో ఒక బాత్రూమ్. సూట్ అనగానే తల్లిదండ్రులు మొగ్గు చూపుతారు, ధర కూడా ఎక్కువే. ఒక తేడా మాత్రం గమనించండి. ఉమ్మడి బాత్రూములను కాలేజీ సిబ్బంది కడుగుతారు. సూట్‌లో బాత్రూమ్‌ను సాధారణంగా అందులో ఉండే పిల్లలే కడుక్కోవాలి. ఆ పని ఎవరి వంతు అన్న గొడవతోనే నలుగురి స్నేహం చెడుతుంది.

మా సలహా ఇది: అదనపు డబ్బు పెట్టేదేదో సొంత బాత్రూమ్ కోసం కాక దూరం తగ్గడం కోసం పెట్టండి. క్యాంపస్ మ్యాప్ తెరిచి, డార్మ్ నుంచి దగ్గరి డైనింగ్ హాల్‌కు, అక్కణ్నుంచి మీ క్లాసులు జరిగే భవనాలకు నడక ఎంతో చూడండి. హాల్ పది నిమిషాల దూరంలో ఉంటే జనవరి చలిలో ఉదయం ఏడున్నరకు లేచి టిఫిన్‌కు వెళ్లేవాళ్లు తక్కువ. అలా వెళ్లని ప్రతి పూటకూ మీరు ముందే డబ్బు కట్టేసి ఉంటారు.

ట్రిపుల్ గది ఇస్తామంటే అది ముగ్గురి కోసమే కట్టినదా, ఇద్దరి గదిలో మూడో మంచం వేసినదా అని అడగండి. రెండో రకానికి అద్దె కొంత తగ్గిస్తారు. ఎక్కడైనా ఖాళీ వస్తే ఒకరిని అటు పంపిస్తారు, అప్పుడు అద్దె మళ్లీ పెరుగుతుంది. ఎవరు వెళ్లాలో ఎలా తేలుస్తారు, వెళ్లనంటే ఏమవుతుంది అన్నవి ముందే తెలుసుకోవాలి. ఏసీ లేని పాత భవనాలు ఇంకా చాలా ఉన్నాయి. ఆస్తమా లాంటి సమస్య ఉంటే డాక్టర్ లేఖతో ప్రత్యేక ఏర్పాటు కోరవచ్చు, కాకపోతే దాని గడువు చాలాచోట్ల మామూలు దరఖాస్తు కంటే ముందే ముగుస్తుంది.

రూమ్మేట్ ప్రశ్నాపత్రాన్ని అమ్మానాన్నలు నింపకూడదు. రాత్రి రెండింటికి పడుకునే పిల్లవాడు పదింటికే పడుకుంటాడని రాస్తే ఏడాదంతా ఇద్దరికీ నరకమే.

ఒప్పందంలో చూడాల్సినవి

హౌసింగ్ కాంట్రాక్టు దాదాపు ఎక్కడైనా ఫాల్ (డిసెంబరు దాకా), స్ప్రింగ్ (మే దాకా) రెండు సెమిస్టర్లకూ కలిపి ఉంటుంది. డిసెంబరులో గది నచ్చలేదని ఖాళీ చేస్తానంటే ఒప్పుకోరు, ఒప్పుకున్నా జరిమానా పడుతుంది. రద్దు చేసుకోవడం ఆలస్యమయ్యేకొద్దీ ఆ జరిమానా పెరుగుతుంది. ఇంకో కాలేజీ వెయిట్‌లిస్టులో ఉన్నవాళ్లు ఆ తేదీల పట్టికను దగ్గర పెట్టుకోవాలి.

రెండోది సెలవులు. డిసెంబరు, జనవరి మధ్య చలికాలం సెలవుల్లో చాలా డార్మ్‌లు మూసేస్తారు. ఇంటికి డ్రైవ్ చేసుకుని వెళ్లగలిగేవాళ్లకు ఇది సమస్య కాదు. ఇండియా నుంచి ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చినవాళ్లకు మాత్రం మూడు నుంచి ఐదు వారాల పాటు తలదాచుకునే చోటు కావాలి. సెలవుల్లోనూ తెరిచి ఉండే డార్మ్‌ను మొదటే అడగండి, దానికి అదనపు ఫీజు ఉందేమో చూడండి. డార్మ్ తెరిచినా డైనింగ్ హాల్ చాలాచోట్ల తెరవరు, అది వేరే లెక్క. వచ్చేటప్పుడు కూడా ఇలాంటి చిక్కే ఉంది: ఎఫ్-1 వీసాతో కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి దేశంలోకి రావచ్చు, కానీ గది తాళం మూవ్-ఇన్ (గదిలో చేరే) రోజుకు ముందు ఇవ్వరు. ముందుగా రావాలంటే అనుమతి తీసుకోవాలి.

టీకాలు మరిచిపోవద్దు. టెక్సస్‌లో 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులు మెనింజైటిస్ టీకా గత ఐదేళ్లలో, సెమిస్టర్ మొదలయ్యే రోజుకు కనీసం 10 రోజుల ముందు వేయించుకుని ఉండాలి. ఇతర రాష్ట్రాల నియమాలు వాటివి.

మంచాలు చాలాచోట్ల ట్విన్ ఎక్స్ఎల్, అంటే 38 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. మామూలు ట్విన్ పొడవు 75 అంగుళాలే కాబట్టి ఆ దుప్పట్లు చాలవు.

మీల్ ప్లాన్ లెక్క

ప్లాన్లు మూడు రకాలు. వారం ప్లాన్‌లో వారానికి ఇన్ని స్వైప్‌లు (కార్డు గీకి హాల్‌లోకి వెళ్లి తినే పూటలు) అని ఇస్తారు, మిగిలినవి వారం చివర్లో మాయమైపోతాయి. బ్లాక్ ప్లాన్‌లో సెమిస్టర్ మొత్తానికి ఇన్ని స్వైప్‌లు, ఎప్పుడైనా వాడుకోవచ్చు. అన్‌లిమిటెడ్‌లో ఎన్నిసార్లయినా లోపలికి వెళ్లవచ్చు. ఇవి కాక ఫ్లెక్స్ డాలర్లు, కొన్నిచోట్ల డైనింగ్ డాలర్లు అంటారు, క్యాంపస్‌లోని కాఫీ షాపుల్లో, ఫుడ్ కోర్టుల్లో డబ్బులా ఖర్చుపెట్టుకోవచ్చు. వారానికి 19 అనే వింత అంకె చాలా కాలేజీల్లో కనిపిస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు మూడు పూటలు, శని ఆదివారాల్లో బ్రంచ్, డిన్నర్ రెండే. మొత్తం 19. అంటే ఆ ప్లాన్ ఒక్క పూట కూడా తప్పనివాళ్లది.

ఒక ఉదాహరణ చూద్దాం, ధరలు లెక్క కోసం ఊహించుకున్నవి. సెమిస్టర్ 15 వారాలు. వారానికి 19 స్వైప్‌ల ప్లాన్ 3,200 డాలర్లు, అందులో 100 ఫ్లెక్స్. వారానికి 14 ప్లాన్ 3,000, అందులో 200 ఫ్లెక్స్. 150 స్వైప్‌ల బ్లాక్ ప్లాన్ 2,500, అందులో 400 ఫ్లెక్స్. ఫ్లెక్స్ తీసేసి మిగతాది స్వైప్‌లతో భాగిస్తే పూటకు వరుసగా 10.88, 13.33, 14 డాలర్లు పడుతుంది. కాగితం మీద 19 ప్లానే చవక. అయితే విద్యార్థి హాల్‌లో నిజంగా తినేది వారానికి 12 పూటలు అనుకోండి, సెమిస్టర్‌కు 180. అప్పుడు 19 ప్లాన్‌లో పూట ఖరీదు 17.22 అవుతుంది, 14 ప్లాన్‌లో 15.56. బ్లాక్ ప్లాన్‌లో 150 పూటలు స్వైప్‌తో, మిగతా 30 పూటలు ఆ 400 ఫ్లెక్స్‌తో నడుస్తాయి, పూటకు 13.89. కాగితం మీద ఖరీదైనదే చేతిలోకి వచ్చేసరికి చవకైంది. ఇదే లెక్కను మీ కాలేజీ ధరలతో వేయండి. పక్కనే డైనింగ్ హాల్ గుమ్మం దగ్గర నగదుకు తీసుకునే ధరనూ రాసుకోండి. పూట ఖరీదు దాన్ని మించితే ఆ ప్లాన్ మీకు నష్టమే.

ఎన్ని పూటలు తింటారో తెలియాలంటే ఏడు రోజులకు మూడేసి పూటల (శని ఆదివారాల్లో రెండేసి) గడులు గీసి క్లాసుల టైమ్‌టేబుల్ దాని మీద పెట్టాలి. ఉదయం ఎనిమిదింటికి క్లాసు ఉన్న రోజు టిఫిన్ గడి కొట్టేయండి. మధ్యాహ్నం మూడు గంటల పాటు సాగే ల్యాబ్ ఉంటే ఆరోజు లంచ్ హాల్‌లో కాదు, ఫ్లెక్స్‌తో. వారాంతం ఇంటికి వెళ్లేవాళ్లు నాలుగు గడులూ కొట్టేయవచ్చు.

చిక్కేమిటంటే ప్లాన్ వేసవిలో ఎంచుకోమంటారు, టైమ్‌టేబుల్ తర్వాత ఖాయమవుతుంది. అందుకే చాలా కాలేజీలు సెమిస్టర్ మొదటి రెండు వారాల్లో ప్లాన్ మార్చుకోనిస్తాయి. ఆ తర్వాత పెంచుకోవడానికి సాధారణంగా అడ్డు ఉండదు, తగ్గించుకోవడానికి మాత్రం ఒప్పుకోరు. కనుక అనుమానం ఉంటే చిన్న ప్లాన్‌తోనే మొదలుపెట్టండి. ఆ మార్పు గడువుకు రెండు రోజుల ముందు మోగేలా ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

శాకాహారులు, అలర్జీలు ఉన్నవాళ్లు

అమెరికాలో వెజిటేరియన్ అన్న గుర్తులో గుడ్డు కలిసే ఉంటుంది. గుడ్డు తినని వాళ్లకు వీగన్ గుర్తు ఉన్నది నిశ్చింత, దాంట్లో పాలు, పెరుగు కూడా ఉండవు. గుర్తు లేని అన్నాన్ని చికెన్ బ్రాత్‌తో (చికెన్ ఉడికించిన నీళ్లతో) వండి ఉండవచ్చు, బీన్స్‌లో పంది కొవ్వు పడి ఉండవచ్చు, సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో చేప ఉంటుంది, మార్ష్‌మాలోల్లో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది). ఫ్రైలు చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తారేమో అడగండి. ప్లాన్ కొనేముందు డైనింగ్ వెబ్‌సైటులో ఒక వారం మెనూ తెరిచి, వీగన్ లేదా వెజిటేరియన్ ఫిల్టర్ పెట్టి, శనివారం రాత్రి ఏం మిగిలిందో చూడండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా మెనూలు బాగానే ఉంటాయి, వారాంతాల్లో సలాడ్, పిజ్జా తప్ప ఏమీ ఉండని హాళ్లు ఉన్నాయి.

తీవ్రమైన అలర్జీ, సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు) లాంటివి ఉంటే తప్పనిసరి ప్లాన్ విషయంలో మీకు హక్కులున్నాయి. 2012లో మసాచుసెట్స్‌లోని లెస్లీ యూనివర్సిటీతో అమెరికా న్యాయశాఖ ఇదే అంశం మీద ఒప్పందం కుదుర్చుకుంది: తినదగిన భోజనం పెట్టాలి, లేదంటే ప్లాన్ నుంచి మినహాయించాలి. దీనికి వెళ్లాల్సింది డైనింగ్ కౌంటర్‌కు కాదు, డిజెబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకు, వైద్యుడి పత్రంతో.

గదిలో వండుకుందాం అనుకునేవాళ్లు నిషేధిత వస్తువుల జాబితా చదవాలి. హాట్ ప్లేట్, టోస్టర్ దాదాపు అన్నిచోట్లా నిషేధం. రైస్ కుక్కర్, ఇన్‌స్టంట్ పాట్ విషయంలో ఒక్కో కాలేజీది ఒక్కో మాట, కొనేముందే అడగండి. అగరుబత్తీ, దీపం కూడా కుదరవు, బ్యాటరీ దీపం పెట్టుకోవాలి. ఉమ్మడి వంటగదిలో పోపు పెడితే ఆ పొగకు అలారం మోగి భవనమంతా బయటికి రావలసి వస్తుంది, మూత పెట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాకే నూనె కాచండి.

డబ్బు సంగతి

ఆర్థిక సాయం లెక్కలో హౌసింగ్, ఫుడ్ భాగమే. ఇంటి నుంచి వస్తే ఆ భాగం తగ్గుతుంది, దాంతో సాయమూ తగ్గవచ్చు. కాబట్టి నిర్ణయం మార్చుకునేముందు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగండి. 529 ఖాతా (చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) డబ్బును గదికి, తిండికి వాడవచ్చు, విద్యార్థి కనీసం హాఫ్-టైమ్ చదువుతుండాలి. బయట అద్దెకుంటే కాలేజీ ప్రకటించిన హౌసింగ్, ఫుడ్ మొత్తాన్ని దాటకూడదు. స్కాలర్‌షిప్‌లో గదికి, తిండికి వాడిన భాగం మీద పన్ను పడుతుందని చాలామందికి తెలియదు, ట్యూషన్‌కు వాడితే పడదు.

ఫాల్‌లో తీసుకున్న ప్లాన్ చాలాచోట్ల స్ప్రింగ్‌కు దానంతటదే కొనసాగుతుంది. మిగిలిన ఫ్లెక్స్ డాలర్లు తరచుగా స్ప్రింగ్‌కు వెళ్తాయి, మే తర్వాత పోతాయి. స్వైప్‌లు సాధారణంగా అలా వెళ్లవు. అందుకని పదో వారంలో యాప్ తెరిచి మిగిలిన స్వైప్‌లను మిగిలిన వారాలతో భాగించి చూడండి. ఎక్కువుంటే అతిథి స్వైప్‌లుగా వాడవచ్చేమో, ఆకలితో ఉన్న తోటి విద్యార్థులకు ఇచ్చే ఏర్పాటు ఉందేమో కనుక్కోండి. 2010లో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) విద్యార్థులు మొదలుపెట్టిన స్వైప్ అవుట్ హంగర్ ఇప్పుడు చాలా క్యాంపస్‌ల్లో ఉంది. అదే యాప్‌లో ఫాల్ వాడకం మొత్తం కనిపిస్తుంది, ఏయే పూటలు తప్పాయో దాన్ని చూసి డిసెంబరులోనే స్ప్రింగ్ ప్లాన్ మార్చేయండి.