కార్న్ స్నేక్‌ను జత కట్టించి గుడ్లు పొదిగించడం ఎలా?

కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము. విషం లేదు, మన జెర్రిపోతులాగే ఎలుకలు తిని బతుకుతుంది. ముందు మీరుండే చోటి చట్టం చూసుకోండి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో దీన్ని ఇంట్లో పెంచడమే నేరం. ఇండియాలో మన పాముల్ని పట్టి పెంచడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

ఆడపాముకు మూడేళ్లు నిండాలి, మూడడుగుల పొడవు, 300 గ్రాముల బరువు ఉండాలి. ఏది తక్కువైనా ఇంకో ఏడాది ఆగండి. గుడ్డు అడ్డం పడితే పాము ప్రాణానికే ముప్పు.

చలికాలంలో రెండింటినీ విడివిడిగా 8 నుంచి 10 వారాలు 10–15 డిగ్రీల చల్లదనంలో ఉంచండి. దానికి రెండు మూడు వారాల ముందే మేత ఆపేయాలి. కడుపులో ఎలుక మిగిలితే చలికి అరక్క కుళ్లిపోతుంది. నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ ఉండాలి.

తర్వాత మెల్లగా వేడి పెంచి మేత మొదలుపెట్టండి. ఆడది తొలి కుబుసం విడిచాక మగపాము పెట్టెలోకి వదలండి. మగది కుదుపుతూ దాని వీపు మీదుగా పాకి తోక పెనవేస్తుంది. విడిపోయాక వేరు చేసి, రెండు మూడు రోజులకోసారి మళ్లీ కలపండి. కలిసి ఉండగా మేత వేయొద్దు.

నెల, నెలన్నరకు ఆడది ఇంకోసారి కుబుసం విడుస్తుంది. ఆ తర్వాత పది రోజులకు అటూఇటూగా గుడ్లు పెడుతుంది. మూత ఉన్న డబ్బాకు పాము దూరేంత కంత చేసి, తడి స్పాగ్నమ్ నాచు నింపి ముందే పెట్టండి. అది లేకపోతే నీళ్ల గిన్నెలోనే పెట్టేస్తుంది, గుడ్లు మునిగి పాడవుతాయి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే: వీటిని కోడిగుడ్లలా తిప్పకూడదు. పెట్టిన రోజు గడిచేసరికి పిండం పెంకు లోపలి గోడకు అతుక్కుంటుంది, తిప్పితే చచ్చిపోతుంది. పైవైపు మెత్తని పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి, ఆ గీత పైకే ఉండేలా తీయండి. అంటుకున్నవి ఉంటే కుప్పగానే ఉంచండి. వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు), నీళ్లు సమాన బరువున కలిపి పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. ధార కడితే తడి ఎక్కువైనట్టే. అందులో గుడ్లను సగం వరకు పూడ్చి 27–28 డిగ్రీల వేడిలో పెట్టండి. గాలి కోసం వారానికోసారి మూత తీస్తే చాలు. మధ్యలో సొట్టలు పడితే తేమ తగ్గిందని అర్థం, నీళ్లు గుడ్డు మీద పడకుండా పక్కన పోయండి. 55–65 రోజులకు పిల్లలు వస్తాయి, ఆ చివరి రోజుల్లో పడే సొట్టలకు మాత్రం కంగారు వద్దు.

పిల్ల గుడ్డు చీల్చి తల బయటపెట్టి రోజంతా అలాగే ఉండొచ్చు. లాగొద్దు, ఇంకా సొన పీల్చుకుంటూ ఉంటుంది. బయటికొచ్చాక ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలో వేయండి, కలిపి ఉంచితే ఒకదాన్నొకటి మింగవచ్చు. వారం పది రోజులకు తొలి కుబుసం విడుస్తాయి. అప్పుడే తొలి మేత: చచ్చిన, వెంట్రుకలు రాని ఎలుకపిల్ల, గోరువెచ్చగా.