కారు అద్దం కదలట్లేదా? మోటార్ కొనేముందు కరెంటు ఎక్కడ ఆగిందో చూడండి

పోయిన నవంబరులో చెన్నై వేళచ్చేరిలో మా బావ కారు డ్రైవర్ వైపు అద్దం సగం దిగి ఆగిపోయింది. బయట జోరున వాన, సీటు తడిసిపోతోంది, స్విచ్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. చూపించిన చోట డోర్ విప్పకుండానే మోటార్ పోయింది, అద్దాన్ని ఎత్తి దించే మెషిన్‌తో కలిపి మార్చాలి అన్నారట. మర్నాడు నేను మల్టీమీటర్ పట్టుకుని వెళ్తే మోటార్ నిక్షేపంగా ఉంది, తెగింది ఒక్క తీగ, అదీ డోర్ లోపల కాదు. ఎక్కడ తెగిందో కింద చెప్తాను. అప్పట్నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తెలియకుండా సామాను కొనొద్దు.

అద్దం సగంలో ఆగి వాన పడుతుంటే ముందు దాన్ని పైకి తెచ్చుకోండి. ఒకరు స్విచ్ పైకి నొక్కి పట్టుకుంటే ఇంకొకరు రెండు అరచేతులతో అద్దాన్ని రెండు వైపులా అదిమి పైకి తోయాలి, చాలాసార్లు వచ్చేస్తుంది. వచ్చాక వెడల్పాటి టేపుతో ఫ్రేముకు అంటించండి. డోర్ విప్పి పని చేసేటప్పుడు కూడా ఈ టేపు ఉండాలి, లేకపోతే మెషిన్ వదులైనప్పుడు అద్దం సర్రున జారి వేళ్ల మీద పడుతుంది.

నాలుగూ ఒకేసారి పోతే

చూడ్డానికి పెద్ద రిపేరులా ఉంటుంది కానీ తేలిగ్గా దొరికేది ఇదే. నాలుగు మోటార్లు ఒకే రోజు కాలిపోవు కదా. నాలుగింటికీ ఉమ్మడిగా ఉండేవి ఫ్యూజు, రిలే (చిన్న సైగతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), నాలుగు అద్దాలనూ నడిపే డ్రైవర్ డోర్ మీది మాస్టర్ స్విచ్‌కి వచ్చే మెయిన్ లైను, దాని ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కి పోయే దారి. చాలా కార్లలో ఈ ఫ్యూజు 20 నుంచి 30 ఆంపియర్ల మధ్య ఉంటుంది, పసుపుది 20, ఆకుపచ్చది 30. ఎగిరిపోతే అంతే ఆంపియర్లది వేయండి. మళ్లీ ఎగిరితే మోటార్ కప్లర్లు (తీగలు కలిపే ప్లగ్గులు) ఒక్కొక్కటే పీకుతూ చూడండి, ఏది పీకితే ఫ్యూజు నిలబడుతుందో ఆ మోటార్ బిగుసుకుందన్నమాట, అన్నీ పీకినా ఎగురుతుంటే ఎక్కడో తీగ బాడీకి తగులుతోంది లేదా స్విచ్‌లో షార్ట్ ఉంది. 20 ఉన్నచోట 30 మాత్రం వేయొద్దు, అప్పుడు ఫ్యూజుకు బదులు డోర్ ప్యాడ్ వెనకాల తీగ కాలుతుంది.

డ్రైవర్‌ది పనిచేస్తూ మిగతావి చచ్చిపోతే ముందు మాస్టర్ స్విచ్ మీది అద్దాల లాక్ బటన్ చూడండి. పిల్లలున్న ఇంట్లో అది నొక్కి మర్చిపోవడం మామూలే.

ఒక్కటే మొండికేస్తే

రాత్రిపూట ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, లోపలి పైలైటు వేసి స్విచ్ నొక్కండి, చూపు లైటు మీదే ఉంచండి. మామూలు బల్బయితే, నొక్కినప్పుడల్లా అది కాస్త మందగిస్తే కరెంటు మోటార్‌లోకి పోతోందని అర్థం, అద్దమో మోటారో బిగుసుకుంది. లైటులో ఏ మార్పూ లేకపోతే దారిలో ఎక్కడో తెగింది, లేదా మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి. రెండో అనుమానం తీరాలంటే ఒకరు స్విచ్ నొక్కి పట్టుకున్నప్పుడు డోర్ ప్యాడ్ మీద, మోటార్ ఉన్నచోట, పిడికిలితో గట్టిగా తట్టండి. తట్టగానే కదిలితే బ్రష్షులే. మోటార్ గుర్రుమని తిరుగుతూ అద్దం కదలకపోతే అది కరెంటు సమస్యే కాదు, మెషిన్‌ది, చాలావరకు దాని కేబుల్ తెగి ఉంటుంది.

ఇక మా బావ కారు సంగతి. స్విచ్ నొక్కి పట్టుకుని డోర్‌ని మెల్లగా తెరుస్తూ మూస్తూ చూశాం. సగం తెరిచినప్పుడు ఒక్క క్షణం అద్దం ఉలిక్కిపడినట్టు కదిలి ఆగింది. అంతే, ఎక్కడో తెలిసిపోయింది. డోర్‌కీ బాడీకీ మధ్య, కబ్జాల దగ్గర మడతలు మడతలుగా నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది చూడండి, తీగలన్నీ దాంట్లోంచే పోతాయి. డోర్ తెరిచిన ప్రతిసారీ అవి వంగుతాయి, రోజుకు పదిసార్లు, ఏళ్ల తరబడి. డ్రైవర్ డోర్ ఎక్కువగా తెరుస్తాం కాబట్టి ముందు తెగేది కూడా అక్కడే.

గొట్టం బాడీ వైపు అంచును వేళ్లతో ఊడదీసి వెనక్కి జరిపాం. పైకి చూస్తే తీగలన్నీ బాగానే ఉన్నాయి, తొడుగు ఎక్కడా చిట్లలేదు. ఒక్కో తీగనీ రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగుతూ పోతే, కొంచెం లావుగా ఉన్న ఒక తీగ రబ్బరు బ్యాండులా సాగింది. లోపల రాగి తెగిపోతేనే తొడుగు అలా సాగుతుంది. బ్లేడుతో చీరితే రాగి బదులు పచ్చటి చిలుము పొడి రాలింది. సముద్రపు గాలి తగిలే ఊరు కదా, సందు దొరికితే చాలు, రాగిని చిలుము తినేస్తుంది.

ఇక్కడ రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టొద్దు, నెల తిరక్కుండా మళ్లీ ఊడుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, చెడిన ముక్క మొత్తం కోసేసి, అంతే లావున్న, సన్నటి పోగులెక్కువున్న మెత్తటి తీగ కలపండి. అతుకులు వంగే చోట ఉండకూడదు, గొట్టానికి అవతల డోర్ లోపల ఒకటి, బాడీ లోపల ఒకటి రావాలి. సాల్డరింగ్ చేసి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు వేయండి. మాకు రెండు గంటలు పట్టింది.

మీటర్ 12 చూపిస్తుంది, మోటార్ మాత్రం తిరగదు

చాలామంది మోసపోయేది ఇక్కడే. తీగలో ఒక్క పోగు మిగిలినా, కప్లర్ పీకి మీటర్ పెడితే 12 వోల్టులూ నిక్కచ్చిగా చూపిస్తుంది, ఎందుకంటే మీటర్‌కి కావలసిన కరెంటు దాదాపు సున్నా. మోటార్‌కి ఆంపియర్లు కావాలి, ఒక్క పోగు అంత మోయలేదు. అందుకే బ్రేక్ లైటుకి వాడే 21 వాట్ల బల్బుకి రెండు తీగలు అతికి మోటార్ కప్లర్ రెండు పిన్నుల మధ్య పెట్టి స్విచ్ నొక్కండి. పైకీ కిందికీ రెండిటికీ ప్రకాశంగా వెలిగితే వైరింగు, స్విచ్ బాగున్నట్టే, అప్పుడు మోటార్ మార్చండి, నాకే అభ్యంతరమూ లేదు. మిణుకుమిణుకుమంటే దారిలోనే కరెంటు తగ్గిపోతోంది. ఎర్త్ కూడా చూడాలి. మోటార్‌కి కరెంటు వెళ్తుండగా ఎర్త్ వైపు తీగకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య అర వోల్టు మించి చూపిస్తే ఎర్త్ దారిలో చిలుము ఉంది, గీకి శుభ్రం చేసి బిగించండి.

ఈ బల్బు పరీక్ష మోటార్ కప్లర్ దగ్గరే. కొత్త కార్లలో స్విచ్ నుంచి కంట్రోల్ యూనిట్‌కి సిగ్నల్ మాత్రమే పోతుంది, అక్కడ బల్బు పెడితే యూనిట్ కాలొచ్చు. డోర్‌లో పసుపు కప్లర్ కనిపిస్తే చేయి పెట్టొద్దు, అది ఎయిర్‌బ్యాగ్‌ది.

కిందికి పోతుంది, పైకి రాదు

చాలా కార్లలో మోటార్‌కి ఉండేవి రెండే తీగలు. నొక్కనప్పుడు రెండూ ఎర్త్ మీద ఉంటాయి, నొక్కితే ఒకదానికి 12 వోల్టులు వస్తాయి, ఎటు వస్తే అటు తిరుగుతుంది. అంటే రెండు దిశల్లోనూ అవే రెండు తీగలు పనిచేస్తున్నాయి. ఒకవైపు తిరిగిందంటే మోటారూ దాని తీగలూ బాగున్నట్టే, డ్రైవర్ డోర్ అయితే తప్పు దాదాపుగా స్విచ్‌దే. విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి, నల్లగా కాలి గుంటలు పడి ఉంటే మాత్రం మార్చాల్సిందే. చెన్నైలో పాత కారు సామాను దొరికే పుదుపేటలో కొంటే అక్కడే నాలుగు బటన్లూ నొక్కి చూసుకోండి. పక్క డోర్ అయితే రెండు స్విచ్‌లతోనూ ప్రయత్నించండి, చాలా కార్లలో దాని ఎర్త్ మాస్టర్ స్విచ్ గుండానే పోతుంది, కాబట్టి పక్క డోర్ జబ్బుకి మూలం డ్రైవర్ డోర్‌లో ఉండొచ్చు.

పాకుతూ ఎక్కుతుంటే అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము పేరుకుంది, తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి, గ్రీజు వద్దు. పిల్లలు అదేపనిగా ఆడించాక ఆగిపోతే మోటార్ వేడెక్కి తనే ఆపుకుంది, పదీ పదిహేను నిమిషాలు వదిలేస్తే సరిపోతుంది.

2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వరదలో నానిన కార్లు చెన్నైలో చాలా ఉన్నాయి, వాటిలో కప్లర్లకు చిలుము పట్టి జబ్బు నెలల తర్వాత బయటపడొచ్చు. డోర్ మూసినప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తే డోర్ అడుగున చిన్న కన్నాలు పూడిపోయాయి, చీపురుపుల్లతో పొడిచి తీయండి. కారు వరద నీటిలో చిక్కుకుంటే మాత్రం ఇంకేదీ ఆలోచించకుండా వెంటనే అద్దాలు దించి బయటపడండి, స్విచ్‌లోకి నీళ్లు చేరాక అవి దిగుతాయన్న నమ్మకం లేదు.

బ్యాటరీ తీసి పెట్టాక, ఒక్క నొక్కుతో అద్దాన్ని పూర్తిగా నడిపే ఆటో బటన్ పనిచేయకపోతే కంగారుపడొద్దు. చాలా కార్లలో అద్దం పూర్తిగా ఎక్కించి బటన్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటుంది, మీ కారుకి ఎన్ని సెకన్లో మాన్యువల్‌లో ఉంటుంది.