పు-ఎర్ టీ బిళ్ల మొదటిసారి విప్పే ముందు

వేళ్లు జాగ్రత్త, అన్నిటికంటే ముందు ఇదే. చైనాలోని యున్నాన్ నుంచి వచ్చే, టీ ఆకుల్ని నొక్కి చేసిన 357 గ్రాముల బిళ్ల చెక్కలా గట్టిగా ఉంటుంది, కత్తి జారిందంటే నేరుగా అరచేతిలోకే. బల్ల మీద పెట్టి, సన్నటి మొన ఉన్నదాన్ని అంచులోంచి అడ్డంగా, మీ చేతికి దూరంగా దూర్చి మెల్లగా పైకి లేపండి, ఆకులు పొరలు పొరలుగా ఊడి వస్తాయి. పొడైతే టీ చేదెక్కుతుంది.

బూజు కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా పారేయండి. ధర చూసి మొహమాటపడొద్దు.

పు-ఎర్‌లో రెండు రకాలు, మీది షెంగా, షౌనా చూసుకోండి. షెంగ్ అలా తడిపి పులియబెట్టని పచ్చి రకం. షౌ అంటే తడిపి పులియబెట్టినది, సలసల మరిగే నీళ్లే పోయొచ్చు. కొత్త షెంగ్ ఖాళీ కడుపుతో తాగితే కొందరికి కడుపులో తిప్పుతుంది.

మొదటి నీళ్లు అయిదు సెకన్లకే పారబోయండి, దుమ్ము పోయి ఆకు విచ్చుకుంటుంది. అప్పుడు మూత తీసి ఒక్కసారి వాసన చూడండి, షౌ అయితే తొలకరికి తడిసిన మట్టి గుర్తొస్తుంది, నాకైతే సగం ఆనందం అక్కడే.

100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు, పది సెకన్లు చాలు. ఎక్కువసేపు ఉంచితే కషాయమే.

మిగిలిన బిళ్లని ఇంగువ, సాంబారు పొడి దగ్గర పెట్టకండి, వాసన పీల్చేస్తుంది.